రికార్డులు కడగడానికి లక్షలు పోయాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

గ్రామఫోన్ రికార్డులపై మోజు మళ్లీ పెరగడంతో, వాటిని కడిగే యంత్రాలను లక్ష రూపాయలు దాటిన ధరలకు కూడా అమ్ముతున్నారు. గాడిలోని మురికిని ద్రావణంతో వదులు చేసి, అది ఆరేలోగా పీల్చివేయడమే వాక్యూమ్ యంత్రం చేసే అసలు పని. అలా పీల్చకపోతే మురికి గాడిలోనే ఎండి, పాట మధ్య చిటపటలుగా వినిపిస్తుంది. వేల రికార్డులను భద్రపరిచే సంస్థలకు ఆ ఖర్చు సమంజసమే. ఇంట్లో కొద్దిపాటి ఎల్పీలు (ఎక్కువసేపు మోగే రికార్డులు) ఉన్నవారికి మాత్రం మెత్తని బ్రష్షు, డిస్టిల్డ్ వాటర్, పోగులు రాలని గుడ్డ, కాస్త ఓపిక చాలునని నా దృఢాభిప్రాయం. గీతలు పడిన రికార్డును ఏ యంత్రమూ బాగుచేయలేదు. మన నాటక పద్యాలున్న పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులలో లక్క ఉంటుంది కనుక, ఆల్కహాల్ కలిసిన ద్రావణం తగిలితే అవి పాడవుతాయి. ఈ హెచ్చరికను అమ్మకందారులు సీసాపై తెలుగులో ముద్రించాలి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం