రెండు ఓపికలు

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. సంక్రాంతి సెలవులు ముగించుకుని పిల్లలందరూ క్షేమంగా తిరిగివచ్చారు. కొందరి సంచుల్లో ఇంకా అరిసెల వాసన వస్తోంది. ఈ నెల లేఖలో పదో తరగతి పరీక్షల ఏర్పాట్ల గురించి రాయాలి. అయితే అంతకుముందు మా స్టాఫ్ రూములో రెండు రోజులు నలిగిన ఒక మార్కు సంగతి చెప్పాలి. ఏర్పాట్లలో చేసిన మార్పులకు మూలం అదే.

సెలవులకు ముందు ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో ‘రన్ అవుట్ ఆఫ్ స్టీమ్’ అనే మాటను సొంత వాక్యంలో వాడమని అడిగారు. పని మధ్యలో సత్తువ అయిపోయి చతికిలబడటాన్ని ఇంగ్లీషులో అలా అంటారు. ఒకమ్మాయి ‘రన్ అవుట్’ చూసి క్రికెట్ అనుకుంది. ఒక అబ్బాయి రాసిన వాక్యాన్ని తెలుగులో చెప్పాలంటే ఇది: ‘మా ఇడ్లీ పాత్రలో ఆవిరి అయిపోయింది, అందుకని అమ్మ హోటలు నుంచి టిఫిన్ తెప్పించింది.’

వ్యాకరణం నిక్షేపంగా ఉంది. అర్థమూ ఉంది. అడిగిన అర్థం మాత్రం లేదు. మార్కు వేయకూడదని ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు, వేయాల్సిందేనని లెక్కల మాస్టారు పట్టుపట్టారు. నిజానికి ఆ మాట పుట్టినప్పుడు దాని అర్థం ఆ అబ్బాయి రాసినదే కదా అని మాస్టారి వాదన. ఆవిరి ఇంజన్ల కాలం వెళ్ళిపోయింది, మాట మిగిలింది. ఈ పిల్లలు ఆవిరిని చూసేది వంటింట్లోనే.

భాషలో కొన్ని మాటలు జతగానే తిరుగుతాయి. జత విడదీసి ఒక్కొక్కదానికి అర్థం చూసుకుంటే ఫలితం నవ్వు తెప్పిస్తుంది. ‘మా నాన్న మా కోసం రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాడు’ అనే వాక్యాన్ని తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఇంగ్లీషులోకి మార్చాడు. ఆ తండ్రికి పక్షి రెక్కలు మొలిచాయి, తరువాత అవి తునాతునకలయ్యాయి. కష్టానికి, సత్తువకు సంబంధించిన మాటల్లోనే ఇలాంటి జతలు ఎక్కువని నాకు అనిపిస్తుంది. మనం నడుం బిగిస్తాం, చెమటోడుస్తాం, ఊపిరి సలపడం లేదంటాం. ఒంటితో చేసిన పని ఒంటి మీది మాటల్లోనే మిగిలింది.

అదే వారం ఏడో తరగతి అమ్మాయి ఒకతె నిఘంటువు చేతపట్టుకుని నా గదికి వచ్చింది. ‘మా అమ్మమ్మకు మేడ ఎక్కే ఓపిక లేదు’ అని ఇంగ్లీషులో రాస్తూ, ఓపికకు ‘పేషెన్స్’ అని పెట్టిందట. టీచరు కొట్టేసి ‘స్ట్రెంగ్త్’ అని రాశారు. ‘ఇదిగోండి మేడమ్, నిఘంటువులో నేను రాసినదే ఉంది’ అని ఆమె ఫిర్యాదు. నిఘంటువు తప్పు కాదు, టీచరూ తప్పు కాదు. మన ఓపిక అనే మాటలోనే ఇద్దరున్నారు. ఒకటి ఒంట్లో ఉండే సత్తువ. రెండోది మనసులో ఉండే ఓర్పు. మనం తేడా తెలియకుండా ఒకే మాటతో రోజంతా నెట్టుకొస్తాం, ఎందుకంటే పక్కన చేరే క్రియ ఆ తేడా చూసుకుంటుంది. ఓపిక పట్టు అంటే ఆగమని. ఓపిక చేసుకో అంటే లెమ్మని.

ఆ అమ్మాయి సంతృప్తిగా వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ మాట అక్కడితో ఆగలేదు. పిల్లలు ‘ఓపిక లేదు’ అన్నప్పుడు ఈ రెంటిలో ఏది లేదంటున్నారో మనం ఎప్పుడైనా అడిగామా?

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. గత ఏడాది పదో తరగతి ప్రగతి పత్రాల మీద దాదాపు సగం మందికి ‘ఇంకా కష్టపడాలి’ అని రాసి సంతకం పెట్టాను. రాయడానికి మూడు సెకన్లు పట్టే మాట. ఒక తండ్రి ఆ కాగితం పట్టుకుని వచ్చారు. ఆయన ఆటో నడుపుతారు. కోపంగా రాలేదు, నిజంగా తెలుసుకుందామనే వచ్చారు. ‘అమ్మా, మావాడు ఉదయం అయిదింటికి లేస్తున్నాడు. ట్యూషను, బడి, మళ్ళీ ట్యూషను. రాత్రి పదకొండున్నరకు నేను ఇంటికి వచ్చేసరికి పుస్తకం మీదే పడి నిద్రపోతుంటాడు. ఇంకా కష్టపడాలంటే ఏ టైములో పడాలో చెప్పండి, నేను పడేట్టు చూస్తాను’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. టీ తెప్పించి ఇచ్చాను, అంతే.

మా పెదనాన్న నెల్లూరు జిల్లా బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఆవిరి రైలింజన్లో బొగ్గు వేసే మనిషిగా చేశారు. చిన్నప్పుడు ఆయన దగ్గర విన్న సంగతి ఆ తండ్రి వెళ్ళాక గుర్తుకొచ్చింది. చూసేవాళ్ళు ఎంత బొగ్గు వేస్తే అంత మంట అనుకుంటారట. కొత్తగా చేరిన ఫైర్‌మన్‌లూ అలాగే అనుకుని, బండి జోరు తగ్గగానే పారల కొద్దీ బొగ్గు లోపలికి విసురుతారట. అప్పుడు జరిగేది వేరు. తడిసిన దుప్పటి కప్పినట్టు మంట అణగిపోతుంది, గొట్టం నుంచి నల్లటి పొగ వస్తుంది, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు పైకి పోవడానికి బదులు కిందికి దిగుతుంది. తెలిసినవాడు కొంచెం కొంచెంగా, మంట పలచబడ్డ చోటు చూసి వేస్తాడు. మధ్యలో నీళ్ళు. బొగ్గు ఎంత ఉన్నా నీళ్ళు లేకపోతే ఆవిరి ఎక్కడిది? నీళ్ళు తక్కువైన బాయిలరు కింద మంట పెడుతూ పోవడమంత ప్రమాదం మరొకటి లేదని పెదనాన్న చెప్పేవారు. అందుకే ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ అయినా స్టేషన్లో నీళ్ళ కోసం ఆగేది. ఆ ఆగడాన్ని ఎవరూ బండి సోమరితనం అనలేదు. (ఆయన చేతి మీద కాలిన మచ్చలు లెక్కపెట్టడం మా పిల్లలకు వేసవి ఆట.)

మేము చేస్తున్నది పారల కొద్దీ విసరడమే అని నాకు తోచింది. ఉపాధ్యాయులతో కూర్చుని డిసెంబరు మొదటి రెండు వారాలు ఒక చిన్న లెక్క రాసిపెట్టాం. పదో తరగతిలో మూడో పీరియడులోపే కునుకు తీస్తున్నది ఎందరు, వాళ్ళు ఉదయం ఏం తిని వచ్చారు, రాత్రి ఎన్నింటికి పడుకున్నారు అని. ఇది పరిశోధన కాదు, మా కంటికి కనిపించినది. కునికేవారిలో చాలామంది ‘సరిగా చదవని’ పిల్లలు కారు. అందరికంటే ముందు బడికి వచ్చి అందరికంటే చివర వెళ్ళేవారే.

13 నుంచి 18 ఏళ్ల వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. పగలు చదివినది మెదడులో కుదురుకునేది కూడా చాలావరకు నిద్రలోనే. కాబట్టి రాత్రి రెండు గంటలు కోసి చదువుకు ఇచ్చామనుకుంటాం గానీ, చదివినదానిలోంచే కోస్తున్నాం.

ఇది మొదటి ఓపిక సంగతి. దానికోసం ఫిబ్రవరి నుంచి చేస్తున్న మార్పులు ఇవి. ఉదయం 6:30కు పెట్టే ప్రత్యేక తరగతి ఇక ఉండదు. 8 గంటలకు మొదలవుతుంది. సాయంత్రం తరగతులు 5:30కు ముగుస్తాయి. నాలుగింటికి పదో తరగతి పిల్లలకు గుగ్గిళ్ళు గానీ వేరుశనగ ఉండలు గానీ బడిలోనే ఇస్తాం. ఆదివారం ఏ పరీక్షా పెట్టం. పక్క బడుల్లో రాత్రి ఎనిమిది దాకా ఉంచుతున్నారని కొందరు ఇప్పటికే ఫోను చేశారు. ఉంచుతున్నారు, నిజమే. నేను ఉంచను.

రెండో ఓపిక వేరు. దానికి నిద్ర మందు కాదు.

√2 కరణీయ సంఖ్య అని నిరూపించే లెక్క పదో తరగతిలో ఉంది. లెక్కల మాస్టారు దాన్ని బోర్డు మీద రాసి, చేయమని చెప్పి చేతులు కట్టుకుని నిలబడ్డారట. రెండో నిమిషంలో సగం మంది గైడు తెరిచారు. వాళ్ళు అలసిపోలేదు, అది ఉదయం మొదటి పీరియడు. తెలియని దాని ముందు తెలియకుండానే కాసేపు కూర్చోవడం వాళ్ళకు అలవాటు లేదు. ఓర్చినమ్మకు తేటనీరు అని సామెత. ఏటి చెలమ తవ్విన వెంటనే కుండ ముంచితే బురదే వస్తుంది, కాసేపు ఆగాలి. మన పిల్లలకు ఆ కాసేపు కరవైంది. తప్పు వాళ్ళది ఒక్కరిదే అనను. ప్రశ్న అడిగి పది సెకన్లలో జవాబు మేమే చెప్పేసే అలవాటు మాకూ ఉంది.

అందుకని ప్రతి శుక్రవారం లెక్కల పీరియడులో ఒకే ఒక్క లెక్క ఇస్తున్నాం. గైడు ఉండదు, పీరియడు అయ్యేవరకు జవాబూ చెప్పం. మొదటి శుక్రవారం కుర్చీల చప్పుడు తప్ప ఏమీ జరగలేదు. మూడో శుక్రవారం వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, ‘సార్, అది భాగహారం అవుతుందనుకుంటే ఎక్కడో తేడా వస్తోంది, ఎక్కడో తెలియట్లేదు’ అందట. జవాబు రాలేదు. మాస్టారు మాత్రం మధ్యాహ్న భోజనం వేళ ఆ మాటే నాలుగుసార్లు చెప్పారు.

ఈ రెండు ఓపికలూ కలిసిన చోటు ఒకటుంది. మాలావత్ పూర్ణ గురించి ప్రార్థన సమావేశంలో చెప్పాను. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడినప్పుడు ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా అదే బృందంలో శిఖరం చేరాడు. ఆమె మొదట తాళ్ళు పట్టుకున్నది భువనగిరి గుట్ట మీద. పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ నేను చెప్పదలచుకున్నది శిఖరం గురించి కాదు, దిగడం గురించి. ఎవరెస్టు ఎక్కేవారు ఒక్క బిగిన పైకి పోరు. పై శిబిరం దాకా ఎక్కుతారు, మళ్ళీ కిందికి దిగివచ్చి పడుకుంటారు. కొన్ని రోజులాగి ఇంకాస్త పైకి వెళ్ళి, మళ్ళీ దిగుతారు. పలచని గాలికి రక్తం, ఊపిరితిత్తులు అలవాటు పడాలంటే అదే దారి. కాళ్ళలో సత్తువ ఉన్నా కింద ఆగి వాతావరణం కోసం ఎదురుచూడాల్సిన రోజులు వస్తాయి. ఒక అబ్బాయి లేచి, ‘మేడమ్, అయితే దిగిన రోజులు వేస్టు కాదా?’ అని అడిగాడు. ఆ ప్రశ్న ఇంటికి వెళ్ళి మిమ్మల్నీ అడగమన్నాను. అడిగే ఉంటాడు.

ఇక మీతో పని. రాత్రి తొమ్మిదింటికి మీ అమ్మాయో అబ్బాయో పుస్తకం మూసి ‘ఓపిక లేదమ్మా’ అంటే, దయచేసి వెంటనే కోప్పడకండి, వెంటనే జాలీ పడకండి. లేచి కుండీలకు నీళ్ళు పోసి రమ్మనండి. తిరిగి వచ్చాక ముఖం తేటపడి ఉంటే అది రెండో ఓపిక. మీరు పక్కన ఓ పావుగంట కూర్చోండి. లెక్క మీకు రాకపోయినా ఫరవాలేదు, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నా చాలు. పక్కన మనిషి ఉంటే పిల్లలు మరో పది నిమిషాలు ఆ లెక్క దగ్గర నిలుస్తారు. నీళ్ళు పోయడానికి కూడా కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, వచ్చి గోడకు చేరబడితే అది మొదటి ఓపిక. పక్క వేయండి. ఫోను మాత్రం మీ దగ్గర పెట్టుకోండి. ఓపిక లేదన్న పిల్లలు దుప్పటిలో పదకొండింటి దాకా దాన్ని చూడగలగడం నాకింకా అంతుపట్టని వింత.

ప్రగతి పత్రాల మీద ‘ఇంకా కష్టపడాలి’ అనే మాట ఈసారి కనిపించదు. దానికి బదులు ఏ పాఠంలో, ఏ మెట్టు దగ్గర ఆగుతున్నారో ఉపాధ్యాయులు రెండు వాక్యాలు రాస్తారు. నలభై మందికి అలా రాయడానికి వాళ్ళకు సమయం పడుతుంది కాబట్టి పత్రాలు వారం ఆలస్యంగా వస్తాయి. ఓపిక పట్టండి.

ఫిబ్రవరి రెండో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు పదో తరగతి తల్లిదండ్రుల సమావేశం. పనికి పోయేవారు ఆదివారం ఉదయం పది గంటలకు రావచ్చు, నేను ఉంటాను. హాల్ టికెట్ల వివరాలు, పరీక్ష కేంద్రానికి బస్సు ఏర్పాటు అప్పుడే చెబుతాం. ఆ ఆటో తండ్రిగారు బస్సు అందని పిల్లలను తన ఆటోలో దింపుతానని ముందుకు వచ్చారు.

అన్నట్టు, ఇడ్లీ పాత్ర అబ్బాయికి ఒకటికి ఒకటి వేశాం. సమాధాన పత్రం మీద వాళ్ళ అమ్మగారు సంతకంతో పాటు ఒక గమనిక రాసి పంపారు: నీళ్ళు పోయడం మరిచి పాత్ర మాడబెట్టింది తాను కాదని, వాళ్ళ నాన్నగారని.

మీ
ప్రధానోపాధ్యాయురాలు