తగ్గింది కేసులా, నేరాలా?

సంపాదకులకు,

శ్రీకాకుళం జిల్లాలో నేరాలు తగ్గాయంటూ ఏడాది చివరి విలేకరుల సమావేశంలో పోలీసు అధికారులు చెప్పిన లెక్కలు మీ పత్రికలో వచ్చి పది రోజులు దాటింది. ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తారేమోనని చూశాను. ఎవరూ వేయలేదు కాబట్టి రాస్తున్నాను. తగ్గింది నమోదైన కేసులు. దెబ్బతిన్నవాళ్లు తగ్గారో లేదో ఆ పట్టిక చెప్పదు. వాళ్లలో స్టేషన్ దాకా రాగలిగింది ఎవరు, వచ్చినవాళ్లలో ఎవరి అర్జీ ఎఫ్‌ఐఆర్ అయింది అన్న వివరం అందులో లేనే లేదు.

జాతీయ నేర గణాంకాలు కూడా ఎఫ్‌ఐఆర్‌ల మీదే నడుస్తాయి. ఒకే కేసులో అత్యాచారం, హత్య రెండూ ఉంటే హత్య కింద మాత్రమే ఎక్కుతుంది. అమెరికాలో 1973 నుంచి వేల ఇళ్లను ఎంచుకుని, మీకేం జరిగింది, పోలీసులకు చెప్పారా అని అడిగి వేరే లెక్క తీస్తున్నారు. మన దగ్గర క్రమం తప్పకుండా జరిగే అలాంటి సర్వే లేదు.

చిన్న దొంగతనాలే చూడండి. 2024 జులై 1 నుంచి అమలవుతున్న కొత్త నేర చట్టాల్లో 5,000 రూపాయల లోపు దొంగతనం నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. నెల జీతం ఉన్నవాళ్లు ఆ నష్టాన్ని ఎలాగో సర్దుకుంటారు. గార, సోంపేట తీరంలో వల పోయిన మనిషికి మర్నాటి వేట కూడా పోతుంది. అయితే వస్తువు నివాసముండే ఇంట్లోంచి పోతే విలువతో పని లేదు, అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కిందికి వస్తుంది, పోలీసులు కేసు కట్టాల్సిందే. కాబట్టి ఫిర్యాదులో ఏ గదిలోంచి, ఏ వేళప్పుడు పోయిందో రాయాలి. చదువు రానివాళ్లకు ఈ మాట స్టేషన్ రైటరే చెప్పాలి. చెప్పకపోగా ‘దొంగిలించారు’ అన్నచోట ‘పోగొట్టుకున్నాను’ అని రాయిస్తున్నారు. ఆ ఒక్క మాటతో నేరం లెక్కలోంచి మాయమవుతుంది.

పిల్లలు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో వలసపోతే ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు. ఉపాధి కూలి పడే ఖాతాలోంచి డబ్బు లాగేస్తే, ఎవరైనా పాస్‌బుక్ ఎక్కించి చెప్పేదాకా వాళ్లకు తెలియదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల్సింది మొదటి గంటల్లోనే. ఖాతా నంబరు, తేదీ, సమయం, 12 అంకెల లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోవాలి. సొమ్ము మోసగాడి ఖాతాలో ఉంటే అక్కడే ఆపించగలరు, నాలుగైదు ఖాతాలు మారాక కష్టం. సైబర్ కేసుల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ చేయాలన్నది నిజమే, కానీ ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. ‘జిల్లా కేంద్రానికి పో’ అని ఆ వయసువాళ్లను బస్సెక్కించడం అన్యాయం.

ఎస్సీ, ఎస్టీల విషయం మరీ ఘోరం. వాళ్లపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఎఫ్‌ఐఆర్‌కు ముందస్తు విచారణ అక్కర్లేదు. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేసి 60 రోజుల్లో ముగించాలి. ప్రభుత్వమిచ్చే సాయం 7 రోజుల్లోగా అందాలి. బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చు, రోజు భత్యం 3 రోజుల్లోగా చెల్లించాలి. ఈ చివరిది ఉందని ఎంతమంది బాధితులకు చెబుతున్నారు? మందస కొండ గూడెం నుంచి సవర తెగ మనిషి సాక్ష్యానికి శ్రీకాకుళం రావాలంటే ఒక రోజు కూలి, తనకూ తోడొచ్చినవాళ్లకూ ఛార్జీలు. రెండు వాయిదాలు పడితే రాజీకి ఒప్పుకుంటారు, మరి ఒప్పుకోక ఏం చేస్తారు? 2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు దళితులు హతమైన నేల ఇది. ఇక్కడ కూడా ఈ నిబంధనలను గుర్తు చేయాల్సి రావడం బాధగా ఉంది.

2022లో జిల్లాలు విడిపోయాక లక్ష్మీపేట ఉన్న వంగర, పక్కనున్న రాజాం విజయనగరంలో కలిశాయి, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో పడింది. హద్దు ఎక్కడున్నా ‘మా పరిధి కాదు’ అనడం చెల్లదు. పరిధితో పని లేని జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. అర్జీకిచ్చే రశీదు ఎఫ్‌ఐఆర్ కాదు. నంబరు ఉన్న కాపీ ఉచితంగా ఇవ్వాలి, 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. కేసు కట్టకపోతే అర్జీని ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, ఆ రశీదు దాచుకుని, తర్వాత మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. నిందితుడు దొరకకపోయినా పరిహారానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చు, ఫోన్ 15100.

వచ్చే ఏడాది ఆ సమావేశానికి వెళ్లే మీ విలేకరి ఇవి అడగాలని కోరుతున్నాను: ఎన్ని అర్జీలు వచ్చాయి, వాటిలో ఎన్ని ఎఫ్‌ఐఆర్‌లయ్యాయి, బాధితుల్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, వలస కుటుంబాలవాళ్లు ఎందరు, 7 రోజుల్లో సాయం అందింది ఎందరికి. జవాబు రాకపోతే, రాలేదని అచ్చు వేయండి.

— ఒక పాఠకుడు, రాజాం