వార్షిక నివేదిక: డ్రైవింగ్ స్కూళ్ల యజమానుల సంఘం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్య మిత్రులకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలియంది కాదు, నేరుగా విషయానికి వస్తాను. ఈ ఏడాది మనం గట్టిగా పట్టుకున్నది ఒక్కటే: ఇంటర్ అవగానే మన దగ్గరికొచ్చే పిల్లలకు కోర్సు పూర్తిగా నేర్పాలని. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 31వది కొత్తదేం కాదు. కారు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో బండి నడిపిన సమయం 10 గంటలకు తగ్గకూడదు. ఆ గంటలు ఏ రోజువి ఆ రోజు రాయడానికే ఫారం 15 రిజిస్టరు. తనిఖీ ఉందనగానే ఒకే పెన్నుతో, ఒకే రాత్రి నెలంతా నింపేసిన రిజిస్టర్లు మనలోనే ఉన్నాయి. పేర్లు ఎందుకులెండి. "వారంలో డ్రైవింగ్, లైసెన్స్ గ్యారంటీ" అని ఫ్లెక్సీ కట్టిందీ మనవాళ్లే. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చాక 30 రోజులు దాటితే గానీ టెస్టే ఉండదు, ఇక ఆ వారం తొందర ఎందుకో!

చెప్పుకోదగ్గది జూనియర్ కాలేజీలో జరిపిన సదస్సు. డ్యుయల్ కంట్రోల్ కారును (నేర్పేవాళ్ల వైపూ బ్రేకు ఉండేది) గ్రౌండ్‌లో నిలబెట్టి, వెనక బంపర్ దగ్గర నలుగురు పిల్లల్ని గొంతుక్కూర్చోబెట్టాం. డ్రైవర్ సీట్లో కూర్చున్న కుర్రాడు మూడు అద్దాలూ చూసి "ఎవరూ లేరు సార్, రివర్స్ తియ్యొచ్చు" అన్నాడు. నలుగురూ లేచి నిలబడేసరికి ఒకటే గోల. ఒకమ్మాయి "16 ఏళ్లకే లైసెన్స్ ఇస్తారట కదా?" అని అడిగింది. ఇస్తారు, కానీ 50 సీసీ లోపు, గేర్లు లేని బండికి, అదీ తల్లిదండ్రుల సమ్మతితో. ఇళ్లలో ఉన్నవేమో 110, 125 సీసీ స్కూటర్లు. మైనరు బండి నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, రూ.25,000 జరిమానా. ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లాడికి 25 నిండేదాకా లైసెన్స్ రాదు. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న తండ్రులు ఇది విని తలెత్తారు.

గ్రౌండ్ ఇచ్చిన ప్రిన్సిపాల్ గారికి, బేరాలు వదులుకుని కార్లు తెచ్చిన సభ్యులకు, ఎండలో నిలబడ్డ ఇన్‌స్ట్రక్టర్లకు, టిఫిన్లు పంపిన ఉపాధ్యక్షుల ఇంటివారికి, ఫ్లెక్సీ డబ్బులు తీసుకోని ప్రింటర్ గారికి పేరుపేరునా కృతజ్ఞతలు. వస్తామని గ్రూపులో బొటనవేళ్లు పెట్టినవాళ్లలో సగం మంది రాలేదు. ముఖ్య అతిథిగా ఒప్పుకున్న అధికారీ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. టెస్ట్ ట్రాక్ గుంతల మీద ఇచ్చిన వినతిపత్రానికి ఇప్పటికీ జవాబు లేదు.

అక్రెడిటెడ్ (ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన) శిక్షణ కేంద్రాల నిబంధనలు 2021 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. అక్కడ కారు కోర్సు 29 గంటలు: థియరీ 8, ప్రాక్టికల్ 21. అక్కడ పాసైతే ఆర్టీఏ టెస్ట్ అక్కర్లేదు. అంత స్థలం, సిమ్యులేటరు మనలో చాలామందికి అందేవి కావు, నిజమే. కానీ మన 10 గంటలే మనం చెప్పకపోతే రాయితీలు ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

జమాఖర్చులు కోశాధికారి గారు వెనక పేజీలో ఇచ్చారు, ఆడిట్ అయింది. బకాయిదారులెవరో వారికే తెలుసు.

ప్రతి నెలా ఒకరి ఫారం 15ను మరొకరు చూసి సంతకం పెట్టాలన్న తీర్మానం ఈ రోజు ఓటుకు వస్తోంది. భోజనాలు ఓటింగ్ అయ్యాకే.

ఇట్లు,
కార్యదర్శి