పాత స్కోరుకు కొత్త లెక్కా?

సంపాదకులకు,

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పిల్లలు క్విజ్ పోటీలకు మీ క్రీడా పేజీనే చదువుతారు. అందులో ఒక పాత అమెరికన్ ఫుట్‌బాల్ స్కోరును ఇప్పటి పాయింట్లతో లెక్కగట్టారు, అందుకే ఈ ఉత్తరం. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ తొలి అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట) సీజన్, 1890లో, ఒకే ఒక్క మ్యాచ్. నవంబర్ 29న సొంత మైదానంలో నేవీ (నౌకాదళ అకాడమీ జట్టు) చేతిలో 24–0 ఓటమి. టచ్‌డౌన్‌కు (బంతిని ప్రత్యర్థి గీత దాటించడానికి) ఇప్పుడు ఆరు పాయింట్లు కదా అని ఆ 24ను ఆరుతో భాగించి 'నాలుగు టచ్‌డౌన్లు' అనడం గుడ్డి లెక్క. అప్పట్లో టచ్‌డౌన్‌కు 4, దాని వెంట బంతిని తన్ని కొట్టే గోల్‌కు 2, ఆట మధ్యలో తన్ని కొట్టే ఫీల్డ్ గోల్‌కు 5 పాయింట్లు.

ఆట తీరూ వేరే. బంతి తమ దగ్గరే ఉండాలంటే అప్పట్లో మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకు సాగాలి; ఇప్పుడు నాలుగింటిలో 10. ముందుకు బంతి విసరడం 1906 దాకా నిషేధం. కాబట్టి గుంపుగా తోసుకుంటూ వెళ్లడమే వ్యూహం, దెబ్బలకూ అదే కారణం. జట్టును కూడగట్టిన డెనిస్ మిచీకి తప్ప ఎక్కువమందికి ఆటే కొత్త, ఓడక ఏం చేస్తారు! మరుసటి ఏడాది హ్యారీ విలియమ్స్ శిక్షణలో నేవీని 32–16తో ఓడించారు.

పాత స్కోర్లు వేసేటప్పుడు పక్కనే ఆనాటి పాయింట్ల పట్టిక కూడా అచ్చు వేయండి.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా