మైక్రోఫిల్మ్ గదిలో సాయం చేసిన పెద్దాయనకు

మీ పేరు అడగడం మర్చిపోయానండీ. అందుకే ఇలా అందరి ముందూ చెప్పుకోవాల్సి వస్తోంది.

పాత పత్రికల ఫిల్ము రీలు తలకిందులుగా ఎక్కించి అరగంట నుంచి కుస్తీ పడుతున్నాను. మీరు లేచొచ్చి, మాట్లాడకుండా సరిచేసి, ఫోకస్ కుదిర్చారు. 1955లో న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లో పుట్టిన విలేజ్ వాయిస్ వారపత్రిక అది. నేను వ్యాసాల కోసం వచ్చాను. "బొమ్మలు వదిలేస్తే సగం పత్రిక వదిలేసినట్టేనమ్మా" అని మీరు వ్యంగ్య చిత్రకారుడు జూల్స్ ఫైఫర్ కార్టూన్ల దగ్గర ఆపారు.

చుట్టూ చట్రం గీతలుండవు. ఒకే మనిషి, ఒకే భంగిమ కొద్దికొద్దిగా మారుతూ, తన మాటల్లో తనే చిక్కుకుపోతుంటాడు. నల్లటి దుస్తుల్లో నాట్యం చేసే ఆ అమ్మాయి దగ్గర మీరు నవ్వడం నాకింకా గుర్తుంది. 1956లో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి పైసా తీసుకోకుండా గీశాడట! పెద్ద పత్రికలు వేయని గీత కాబట్టి ఇక్కడ స్వేచ్ఛ దొరికింది. డబ్బు సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ. అమెరికాలో పేరున్న పత్రికా పురస్కారం పులిట్జర్ ఆయనకు 1986లో వచ్చింది.

వర్గీకృత ప్రకటనల పేజీలు నేను గబగబా తిప్పేస్తుంటే, "వీళ్ల జీతాలు ఇందులోంచే" అని ఆపారు చూడండి, నా పరిశోధన దారి మళ్లింది అక్కడే. ఆ ప్రకటనలు ఇంటర్నెట్‌కు తరలిపోయాకే కదా ఇలాంటి వారపత్రికలు ఒక్కొక్కటిగా చిక్కిపోయింది.

మీ పెన్సిల్ నా దగ్గరే ఉండిపోయింది. థాంక్సండీ.