వార్షిక నివేదిక 2024–25: పీఓను మళ్లీ టైపు చేయకుండా

గౌరవ సభ్యులకు నమస్కారం.

పచ్చళ్లు, పొడులు, అప్పడాలు చేసి సూపర్‌మార్కెట్లకు, డిస్ట్రిబ్యూటర్లకు సరఫరా చేసే చిన్న యూనిట్ల సంఘం మనది. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం ఒకే పని మీద పెట్టింది. కొనేవాళ్లు పంపే పర్చేజ్ ఆర్డర్, అంటే మనం రోజూ అనే పీఓ, మన కంప్యూటర్‌లోకి చేత్తో టైపు చేయకుండానే ఎక్కాలి. మిగతా పనుల సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను.

దీన్ని ఎందుకు తలకెత్తుకున్నామో చెప్పాలంటే మా యూనిట్ పరువు కాస్త తీసుకోవాలి. ఆవకాయ సీజన్లో ఒక చైన్ స్టోర్ నుంచి పీడీఎఫ్‌లో పీఓ వచ్చింది. పరిమాణం గడిలో 24 అని ఉంది. వాళ్లు అడిగింది 24 సీసాలు. మా దగ్గర 24 కేసులని ఎక్కించాం. కేసుకు 12 సీసాలు. వాళ్ల గోదాము గేటు దగ్గర 24 సీసాలు దించుకుని, 264 సీసాలు తిప్పి పంపారు. రానూపోనూ కిరాయి మా నెత్తినే పడింది. దారిలో పగిలిన సీసాల నూనె అట్టపెట్టెలన్నిటికీ పట్టింది. సమావేశంలో ఈ కథ చెప్తే ఎవరూ నవ్వలేదు. అందరి దగ్గరా ఇలాంటిది ఒకటుంది.

ఒకరు మెయిల్లో పీడీఎఫ్ పంపుతారు. ఒకరు తమ పోర్టల్‌లోకి వచ్చి దించుకోమంటారు. ఇంకొకరు రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఫొటో పెడతారు. అదే అరకిలో గోంగూరకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కోడ్. పీఓ గడువు దాటితే లోడు దించుకోరు, ఎంఆర్‌పీలో రూపాయి తేడా వచ్చినా డెబిట్ నోట్ వేస్తారు, అంటే ఆ మేరకు మన డబ్బు కోస్తారు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. 1948–49లో బెర్లిన్‌కు విమానాల్లో సరుకు చేరవేసినప్పుడు, ఎవరు పంపినా జాబితా ఒకే తీరులో ఉండాలని అమెరికా సైన్యంలో పనిచేసిన ఎడ్ గిల్బర్ట్ ఒక పద్ధతి పెట్టాడు. ఈడీఐకి, అంటే ఆర్డర్లు, బిల్లులు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు నేరుగా పంపే పద్ధతికి, మూలం అక్కడే ఉందని చెప్తారు. తర్వాత అమెరికాలో 1979 నుంచి ఎక్స్12, ఐక్యరాజ్య సమితి తరఫున 1987లో ఎడిఫాక్ట్ అనే ప్రమాణాలు తయారయ్యాయి. ఎక్స్12లో పీఓకు 850 అని నంబరు. దానికి మన జవాబు 855, సరుకు బయలుదేరిందని చెప్పేది 856, బిల్లు 810. మనిషి చదవడానికి కాదు, కంప్యూటర్ చదవడానికి రాసిన కాగితాలనుకోండి. అక్కడ పరిమాణం పక్కన అది సీసాల్లోనా, కేసుల్లోనా అని చెప్పే గడి కూడా ఉంటుంది. ఒక్కొక్కటైతే 'ఈఏ', కేసయితే 'సీఏ'. నా 24 సీసాలకు ఆ రెండక్షరాలు చాలు.

అయితే మొదటి మూడు నెలలు మేం సాఫ్ట్‌వేర్ ముఖమే చూడలేదు. సరుకు జాబితాలు సరిచేసుకోవడానికే సరిపోయింది. బార్‌కోడ్ నంబర్లు కేటాయించే సంస్థ జీఎస్1 ఇండియా ఇచ్చే, 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ మనలో చాలామందికి ఉంది. కానీ అది సీసాది. కేసుకు విడిగా ఇంకో నంబరు, మామూలుగా 14 అంకెలది, ఉండాలని సగం మందికి తెలియదు. ఒక సభ్యుడైతే పావుకిలో సీసాకూ అరకిలో సీసాకూ ఒకే బార్‌కోడ్ వేసి ఏళ్లుగా నెట్టుకొస్తున్నారు. పేరు చెప్పను, ఆయనే నవ్వుకుంటారు. ప్రతి సరుకుకూ సీసా నంబరు, కేసు నంబరు, కేసులో ఎన్ని, హెచ్‌ఎస్‌ఎన్ (పన్ను కోసం సరుకు రకానికి ఉండే కోడ్), జీఎస్టీ రేటు, ఎంఆర్‌పీ, ఎన్నాళ్లు నిలువ ఉంటుందో ఒకే ఎక్సెల్‌లో రాయించాం. దాని పక్కనే కొనేవాళ్ల కోడ్‌లు ఒక్కొక్కరివి ఒక్కో వరుసలో. ఈ పట్టిక సరిగ్గా ఉన్న యూనిట్లలో మిగతా పని వారంలో తేలింది. లేనివాళ్లకు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ తర్వాత సంగతి సులువే. వచ్చిన ఆర్డరు ఫైల్‌ను తీసుకుని, ఈ పట్టికతో కోడ్‌లు మార్చి, మన లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీకి అర్థమయ్యే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా చేసే చిన్న ప్రోగ్రాం రాయించాం. కోడ్ కలవకపోయినా, రేటు తేడా ఉన్నా ఆ లైన్ ఆగిపోయి మనిషి కోసం చూస్తుంది. అన్నీ దానంతటదే దాటించే పద్ధతి వద్దని నేనే పట్టుబట్టాను.

జవాబు పంపే విషయంలో మనవాళ్లకు ఒక గందరగోళం ఉంది. ఫైల్ చేరి, కంప్యూటర్ చదవగలిగిందని చెప్పే రసీదు 997. ఆర్డరుకు ఒప్పుకున్నామని చెప్పేది 855. మొదటిది వెళ్లగానే పని అయిపోయిందనుకుని, సరుకు లేకపోయినా చెప్పకుండా ఊరుకున్న సందర్భాలున్నాయి. మామిడికాయ దొరకనప్పుడు 100 అడిగితే 60 మాత్రమే ఇస్తామని వెంటనే 855లో చెప్తే కొనేవాడు వేరే ఏర్పాటు చూసుకుంటాడు. మొహమాటపడి ఊరుకుంటే పెనాల్టీ పడుతుంది. 'లేదు' అనే మాట తొందరగా చెప్పడమే ఈ ఏడాది ఎక్కువగా కలిసొచ్చిందని నా అభిప్రాయం.

సంతకం, ముద్ర లేని ఆర్డరు చెల్లుతుందా అని పెద్దవాళ్లు అడిగారు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ చెప్తోంది. మన పోరు దానికన్నా డబ్బు దగ్గరే. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న యూనిట్లకు చెల్లింపు 45 రోజులు మించకూడదు. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఆ తేదీ ఎవరు చెప్పాలి? ఇదివరకు డ్రైవర్ జేబులో నలిగిన చలానా. ఇప్పుడు వాళ్ల కంప్యూటరే పంపే జీఆర్‌ఎన్, అంటే సరుకు అందినట్టు రసీదు. అందుకే కొనేవాళ్లతో మాట్లాడినప్పుడల్లా పీఓ ఒక్కటే కాదు, జీఆర్‌ఎన్ కూడా పంపమని అడుగుతున్నాం. ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతి) పరిధిలో ఉన్నవాళ్లు, అంటే 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లు, అందులో పీఓ నంబరు గడిని కూడా నింపండి. తప్పనిసరి కాదు గానీ బిల్లును పీఓతో కలపడానికి అదే దారి.

కుదరనివీ ఉన్నాయి. అమెరికాలోని మన కిరాణా దుకాణాలకు సరుకిచ్చే ఒక దిగుమతిదారు ఏఎస్2 పద్ధతిలో, అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లను తాళం వేసినట్టు భద్రంగా పంపే పద్ధతిలో, పంపమన్నారు. ఇద్దరూ సర్టిఫికెట్లు మార్చుకుని, ప్రతి ఫైల్‌కూ సంతకంతో రసీదు పుచ్చుకోవాలి. పెట్టాం, నడిచింది. సర్టిఫికెట్ గడువు తీరిందని ఎవరూ చూసుకోక నాలుగు రోజులు ఆర్డర్లు రాలేదు. పండగ ముందు కావడంతో ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు. గడువు తేదీ ఇప్పుడు ఆఫీసు క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో ఉంది. ఇక వాట్సాప్ ఫొటోల వాళ్లను మార్చలేకపోయాం. వాళ్లకు ఎక్సెల్ నమూనా ఒకటిచ్చాం, కొందరు వాడుతున్నారు.

ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనుగోలుదారు చేతికి అందేటప్పటికి నిలువ కాలంలో 30 శాతం లేదా కనీసం 45 రోజులు మిగిలి ఉండాలని ఫుడ్ సేఫ్టీ వాళ్లు చెప్పాక, బ్యాచ్ నంబరు, గడువు తేదీ 856లోనే ముందుగా పంపమని కొనేవాళ్లు అడుగుతున్నారు. అప్పడాల వాళ్లకు ఇబ్బంది లేదు, తాజా పచ్చళ్ల వాళ్లు మాత్రం డిస్పాచ్ వరుస మార్చుకోవాలి.

మిగతావి: లేబుల్ నిబంధనల మీద ఒక తరగతి, సభ్యుల ఇళ్లలో ఆడవాళ్లకు ట్యాలీ శిక్షణ జరిగాయి. నిజానికి ఈ పట్టికలను తప్పుల్లేకుండా పూర్తి చేసింది ఎక్కువగా వాళ్లే. ఆడిట్ అయిన లెక్కలు విడిగా జతచేశాం. చందా పెంచడం లేదు.

సరుకు జాబితా ఇంకా ఇవ్వని సభ్యులు సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఒక్కో సీసా, ఒక్కో ఖాళీ కేసు అట్టపెట్టె తెచ్చుకోండి. అక్కడే స్కాన్ చేసి ఎక్కిస్తాం. భోజనం ఒంటిగంటకు.

ఇట్లు,
కార్యదర్శి