మన కాలనీ సంక్షేమ సంఘం, నెల్లూరు: 2025-26 వార్షిక నివేదిక (ఈసారి ఎక్కువ భాగం చెత్త గురించే)

సభ్యులందరికీ నమస్కారం. ఏటా ఈ నివేదికలో వీధి దీపాలు, కాలువ పూడిక, ముగ్గుల పోటీలు అని వరసగా రాసుకుపోయేవాణ్ణి, ఎవరూ చదివేవాళ్లు కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. ఈసారి అట్లా రాస్తే కుదరదు. కమిటీ సమావేశాల్లో సగానికి పైగా ఒక్క విషయం మీదే గడిచిపోయాయి. మన ఇళ్ల ముందు పొద్దున్నే బండెక్కే చెత్త ఎక్కడికి పోతుంది, ఆ యార్డును పెంచి బాగు చేయాలంటే ఏం చేయాలి, పక్క ఊళ్ల చెత్త కూడా అక్కడికే వస్తే మనం ఊఁ అనాలా ఊఁహూఁ అనాలా, ఇదే గోల. అందుకని మిగతావి ముందే గబగబా చెప్పేస్తాను.

రెండో వీధి చివర కాలువ పూడిక వానలకు ముందే తీయించాం, ఈసారి ఇళ్లలోకి నీళ్లు రాలేదు. నాలుగు వీధి దీపాలు ఇంకా వెలగట్లేదు, అర్జీ పెట్టాం, మళ్లీ పెడతాం. చవితికి మట్టి వినాయకుడే. రొట్టెల పండగకి దర్గా దగ్గర మంచినీళ్లు పంచిన కుర్రాళ్లకి థాంక్స్. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో మనవాళ్లు చీపుర్లు పట్టారు, కాకపోతే ఫొటోకి నిలబడ్డవాళ్లంతా పని అయ్యేదాకా ఉండుంటే ఇంకా బాగుండేది. జమాఖర్చుల కాగితం వాటర్ ట్యాంకు దగ్గర బోర్డుకి అంటించాం. అనుమానాలుంటే కోశాధికారి గారిని అడగండి, నన్ను కాదు.

ఇక అసలు విషయానికొస్తే, నెల్లూరులో కూడా చెత్తతో కరెంటు తయారు చేసే ప్లాంటు పెట్టాలన్న ప్రతిపాదన గురించి పేపర్లలో చదివే ఉంటారు. ఆ వార్త మన వాట్సాప్ గ్రూపులో పడ్డ రోజు నుంచి మనం రెండు పార్టీలుగా చీలిపోయాం. ఒకరు 'ఇంకేం, చెత్త బాధ వదిలింది' అంటారు, ఇంకొకరు 'పొగంతా మనకి, కరెంటు ఇంకెవరికో' అంటారు. రెండు వైపులా కోపం బాగానే ఉంది గానీ లెక్క ఎవరూ వేయలేదు. సరే, నేనే కూర్చుని వేశాను.

మన ఊరి జనాభా 5 లక్షల పైచిలుకు. తలకి రోజుకు 400 గ్రాముల చెత్త అనుకున్నా 200 టన్నులు దాటుతుంది. గుంటూరు దగ్గర ఇప్పటికే నడుస్తున్న 15 మెగావాట్ల ప్లాంటుకు రోజుకు సుమారు 1,200 టన్నుల చెత్త కావాలి, అందుకే గుంటూరుతో పాటు విజయవాడ, ఇంకా చుట్టుపక్కల మునిసిపాలిటీల చెత్త కూడా అక్కడికి తోలుతున్నారు. దాంట్లో సగం సైజుది మన దగ్గర పెట్టినా మన ఊరి చెత్త ఒక్కటే చాలదు. కావలి, ఆత్మకూరు, బుచ్చిరెడ్డిపాలెం, ఇంకా అవతలి ఊళ్లవి కూడా రావాల్సిందే. అంటే అది ఉమ్మడి ఆస్తి అవుతుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత ఊరికే పుట్టలేదు కదా. నిర్వహణ ఎవరిది, ఖర్చు ఎవరిది, వాసన వస్తే అడగాల్సింది ఎవర్ని, ఇవి కాగితం మీదకి రాకముందే మిషన్లు దిగితే తిలా పాపం తలా పిడికెడు అవుతుంది.

ఇంటర్నెట్‌లో చూసింది చాలదని డిసెంబరులో మేం ఆరుగురం ఒక యార్డుకి వెళ్లొచ్చాం. ఏ ఊరిదో రాయను, మనల్ని లోపలికి రానిచ్చిన వాళ్ల మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది. గేటు దగ్గర కాటా, దాని పక్కన పెద్ద రేకుల షెడ్డు, అందులో ట్రామెల్. ట్రామెల్ అంటే పడుకోబెట్టిన పెద్ద గొట్టం లాంటి జల్లెడ, గిర్రున తిరుగుతుంటే మట్టీ చిన్న ముక్కలూ చిల్లుల్లోంచి కింద పడతాయి, పెద్దవి అటు చివర బయటికొస్తాయి. మేం వెళ్లేసరికి అది ఆగి ఉంది. ఒకాయన లోపలికి దూరి కొడవలితో ఏదో కోస్తున్నాడు. ఏందబ్బా అని తొంగి చూస్తే చీర పీలికలు, పూలదండల దారాలు, కవర్లు, అన్నీ తడిగా చిల్లులకు చుట్టుకుని తాడులాగా పేనుకుపోయాయి. రోజుకి ఎన్నిసార్లు ఇట్లా అని అడిగితే నవ్వాడు. వాన పడ్డ రోజు అయితే అసలు తిప్పం సార్ అన్నాడు.

చెత్త కదిలే బెల్టు దగ్గర పనికొచ్చేవి ఏరే ఆడవాళ్లు ఉన్నారు. అందులో ఒకామె రెండు పాల ప్యాకెట్లు పట్టుకుని చూపించింది. "రెండూ పాల ప్యాకెట్లే సార్. ఇది కడిగి వేశారు, దీన్ని షాపువాడు తీసుకుంటాడు. దీనికి సాంబారు అంటింది, దీన్ని ఏం చేసుకునేది?" అంది. ఇంకొకటి కూడా చెప్పింది, నాకు ఇన్నేళ్లూ తట్టనే లేదు. ప్యాకెట్టు మూల పూర్తిగా కత్తిరించి పడేస్తే ఆ చిన్న ముక్క బెల్టు మీద ఎవరి చేతికీ దొరకదట, మట్టితో పాటు కిందికి జారి ఎరువులో కలుస్తుందట. అప్పట్నుంచి మా ఇంట్లో మూల తెగిపోకుండా సగం కోసి వదిలేస్తున్నాం. మా ఆవిడ మొదట విసుక్కుంది, ఇప్పుడు తనే పక్కింటివాళ్లకి చెబుతోంది.

ఆ షెడ్డులో నిలబడ్డాక నాకు ఒకటి గట్టిగా అనిపించింది. ఆ తర్వాత కమిటీ కూడా ఒప్పుకుంది (ఇద్దరు తప్ప, వాళ్ల అభ్యంతరం మినిట్స్‌లో రాశాం). తడి చెత్త ఊరు దాటకూడదు. ఊళ్లు పంచుకోవాల్సింది పొడి చెత్త యార్డు మాత్రమే.

ఎందుకో చెబుతాను. మన చెత్తలో దాదాపు సగం అన్నం, కూరగాయల తొక్కలు, చేపల వ్యర్థం, ఎండాకాలం వస్తే ముంజకాయలు, కొబ్బరి బోండాలు. వీటిలో ఉండేది ఎక్కువగా నీరే. మరుగుతున్న కిలో నీళ్లు ఆవిరి కావడానికే 540 కిలో కేలరీల వేడి కావాలి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో ఏమన్నారంటే, కిలోకి 1,500 కిలో కేలరీలో అంతకన్నా ఎక్కువో వేడినిచ్చే చెత్తను గుంటల్లో పూడ్చకుండా ఇంధనంగా వాడుకోమన్నారు. అట్లాంటి పొడి చెత్తలో ముంజకాయలు, కుళ్లిన టమాటాలు కలిపి కొలిమిలో పోస్తే అందులోంచి వచ్చే వేడిలో చెప్పుకోదగ్గ భాగం ఆ నీళ్లు ఆవిరి చేయడానికే పోతుంది. పైగా కావలి నుంచి 50 కిలోమీటర్ల పైన లారీలో తెచ్చేది కూడా ఆ నీళ్లే. డీజిలు పోసి నీళ్లు మోయడం ఏం లెక్క? పెన్నా పక్కనే ఉంది, నీళ్లు కావాలంటే అక్కడ ముంచుకోవచ్చు.

అయితే తడి చెత్త ఎక్కడికక్కడ ఎరువు చేయడం మాటలు చెప్పినంత తేలిక కాదు, దానికి సాక్ష్యం మనమే. పార్కు మూల మనం తవ్వించిన గుంట సంగతి మీ అందరికీ తెలుసు, వాసన మీ అందరికీ తగిలింది కూడా. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. పచ్చి చెత్త మీద పచ్చి చెత్త వేయించాను, ఎండినది ఏదీ కలపలేదు, గాలి ఆడక పురుగు పట్టింది, ఆ వారం నేను పార్కు వైపు వాకింగ్‌కి కూడా వెళ్లలేదు. తర్వాత పొరకి పొరకి మధ్య ఎండాకులు, ఊక వేయడం మొదలుపెట్టాం. మొలగొలుకుల వడ్లు పండిన జిల్లాలో ఊకకి కరువా, రైస్ మిల్లువాళ్లు సంచుల్లో ఇచ్చారు. వారానికోసారి పారతో తిరగేయించాం. రెండు నెలలు దాటాక నల్లటి ఎరువు వచ్చింది, అడవి మట్టి వాసన. మొక్కలున్న వాళ్లు తీసుకెళ్లారు. ఇంకా కొందరు ఆ మూలకి రావాలంటే ముక్కు మూసుకుంటున్నారు, అది అలవాటు అనుకుంటా, ఇప్పుడక్కడ వాసన లేదు.

ఇవన్నీ కలిపి ఫిబ్రవరిలో అధికారులకు ఒక ఉత్తరం ఇచ్చాం. అందులో అన్నిటికంటే ముందు అడిగింది మిషన్ కాదు, పైకప్పు. మన జిల్లాకి వాన బాగా కొట్టేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలు, దాని మీద తుపాన్లు. 2021 నవంబరులో పెన్నా ఎట్లా పొంగిందో, 2023 డిసెంబరులో మిచౌంగ్ ఎంత కురిసిందో మర్చిపోలేదు కదా. ఎరువు కుప్పలు ఆరుబయట ఉంటే ఏటా మూడు నెలలు పని ఆగినట్టే, కుప్పల్లోంచి కారే నల్ల నీళ్లు కాలువల్లోకి, పొలాల్లోకి పోతాయి. కింద గచ్చు, చుట్టూ కాలువ, ఆ నీళ్లు పట్టే తొట్టి, పైన రేకులు. ఫొటోలో ఇవేవీ గొప్పగా కనిపించవు, అందుకే అన్నిటికంటే వెనక గుర్తొస్తాయి.

రెండోది తూకం. ఏ ఊరి బండి ఎన్ని టన్నులు తెచ్చిందో గేటు దగ్గర అందరికీ కనపడేలా బోర్డు పెట్టాలి, ఖర్చు తూకాన్ని బట్టి పంచాలి, తడీ పొడీ కలిపి తెచ్చిన బండిని వెనక్కి పంపే అధికారం కాటా దగ్గర కూర్చున్న మనిషికి ఉండాలి. చెత్త పన్ను తీసేశారు, నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు. కానీ యార్డు నడిపే ఖర్చు దాంతో పాటు పోదు. మిషన్ కొనడానికి డబ్బులొస్తాయి, బెల్టు తెగితే కొత్తది వేయించడానికే ఉండవు.

పాత గుట్టల విషయం వేరుగా రాశాం. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను తవ్వి, జల్లించి, మట్టి, రాళ్లు, ప్లాస్టిక్ విడదీసే బయోమైనింగ్ పని మంచిదే, లోపల గాలి ఆడక పుట్టే మీథేన్ వల్ల రోహిణి కార్తెలో గుట్టలు అంటుకుని రోజుల తరబడి పొగ రావడం తగ్గుతుంది. కానీ ఇటు తవ్వుతూ అటు కొత్త చెత్త పోస్తూ ఉంటే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ఖాళీ అయిన చోట మళ్లీ పోయకూడదని రాతపూర్వకంగా అడిగాం.

కాల్చడానికి పనికొచ్చే పొడి చెత్తను సిమెంటు ఫ్యాక్టరీలకి పంపొచ్చు కదా అని ఒక సభ్యుడు అడిగారు. మంచి ప్రశ్నే. ఇంధనం వాడే పరిశ్రమ, చెత్త నుంచి ఇంధనం తయారుచేసే ప్లాంటుకి 100 కిలోమీటర్ల లోపు ఉంటే తన ఇంధనంలో కనీసం 5 శాతం ఆ చెత్త ఇంధనం వాడాలని 2016 నిబంధనల్లో ఉండేది. మనకి తెలిసిన సిమెంటు ఫ్యాక్టరీలు యర్రగుంట్ల వైపు, ఆ దూరం దాటి ఉన్నాయి. పంపొచ్చు, కానీ బాగా ఎండి, బేళ్లుగా నొక్కి ఉంటేనే లారీ కిరాయి గిట్టుబాటు అవుతుంది. అందుకే బేలింగ్ ప్రెస్ కూడా అడిగాం. బెల్టు దగ్గర ఏరే ఆడవాళ్లకి చేతొడుగులు, స్నానాల గది, నెలజీతం అని రాశాం. ఆ వాక్యం తీసేద్దామని ఒకరన్నారు, నేను తీయలేదు.

ఉత్తరం అందినట్టు సంతకం ఉంది, జవాబు ఇంకా రాలేదు.

కొత్త ఘన వ్యర్థాల నిబంధనల అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. ఇక మూడు కాదు, నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ ప్యాడ్లు డైపర్ల లాంటివి, బల్బులు మందులు పెయింటు డబ్బాల లాంటివి. మూడోది కాగితంలో చుట్టి వేరే ఇవ్వండి, బెల్టు మీద అవి చేత్తో తీసేది మనిషి. ఇంటింటికీ వచ్చి చెప్పడానికి ఎనిమిది మంది కావాలి, ఇప్పటికి ముగ్గురు పేర్లిచ్చారు.

సర్వసభ్య సమావేశం అయిన మరుసటి ఆదివారం మళ్లీ యార్డుకి వెళ్తున్నాం, ఈసారి పాతిక మందికి అనుమతి అడిగాం. పొద్దున ఆరున్నరకి వాటర్ ట్యాంకు దగ్గర ఆటోలు ఉంటాయి. ప్లాంటు కావాలన్న వాళ్లూ వద్దన్న వాళ్లూ ఇద్దరూ రావాలి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకురండి, కింద గాజు ముక్కలు ఉంటాయి.

ఇట్లు,
కార్యదర్శి